మోకాలి క్రింది అస్థిభంగము: చిన్నగాటుకు ముందును వెనుకను

పుదుచ్చేరి నగరమునకు దక్షిణమున సుమారు 20 కిలోమీటర్ల దూరమున బాహూరు కలదు. పెద్ద చెరువును, దాని క్రింద సాగగు వరిపొలములును గల ఈ ప్రాంతము పుదుచ్చేరికి ధాన్యాగారమని ప్రసిద్ధి కెక్కినది. ఇచటి జీవనమంతయు కాలిసత్తువపై ఆధారపడినది. నాట్లు వేయువారు మోకాళ్లు వంచి గంటలకొలది బురదలో నిలువవలెను. గట్లు చెక్కువారు, కలుపు తీయువారు గొంతుకూర్చుండవలెను. ఇంటికి వచ్చిన పిమ్మట మఠము వేసికొని కూర్చుండి భుజింపవలెను. ఇట్టి ఊరిలో ఒక కష్టజీవి మోకాలు బిగిసిపోయినచో ఆ ఇంటి సంపాదనయే ఆగిపోవును.

పుదుచ్చేరి నుండి కడలూరు పోవు రహదారి బాహూరు కమ్యూనులోని కిరుమాంబాక్కము మీదుగా సాగుచున్నది. ఆ దారిని దాటుచున్న ఒక రైతును కారు ముందుభాగము మోకాలివద్ద ఢీకొన్నదనుకొందము. అతడు లేచి నిలువజాలడు. చూచుచుండగనే మోకాలు వాచును. ఎక్స్‌రే తీయగా జంఘాస్థి పైభాగము చితికినదని తేలును. కారు ముందుండు బంపరు తగులుటచే కలుగు గాయము గనుక పాశ్చాత్య వైద్యులు దీనికి బంపరు భంగమని పేరు పెట్టిరి. ఎత్తునుండి పడినవారికిని, మోటారుసైకిలుపైనుండి జారినవారికిని, ఎముకలు గుల్లబారిన వృద్ధులకు ఇంటిలో కాలు మడతపడినను ఇది కలుగవచ్చును.

చిన్నగాట్లతోనే దీనిని సరిచేయవచ్చునని వైద్యుడు చెప్పినచో ఇంటివారు సంతోషింతురు. అది సంతోషింపదగిన మాటయే. కాని ఆ చిన్నగాటు ఫలించుట రెండు విషయములపై ఆధారపడియున్నది. దెబ్బ తగిలిన తొలి గంటలలో ఆ కాలిని ఎట్లు కాపాడిరన్నది ఒకటి. శస్త్రచికిత్స ముగిసిన తరువాతి నెలలలో ఆ మోకాలిని ఎట్లు సాధన చేయించిరన్నది రెండవది. ఈ రెండును ఆపరేషను గది వెలుపల జరుగునవి. వీనిని విడిచి గాటు పొడవునుగూర్చి మాత్రమే ఆలోచించుట సరియైన మార్గము కాదు.

ఈ ఎముక ప్రత్యేకత

మోకాలి నుండి చీలమండ వరకు కాలి ముందువైపున చర్మము క్రిందనే చేతికి తగులు ఎముక జంఘాస్థి. దాని పైకొన బల్లపరుపుగా వెడల్పై, తొడయెముకను మోయుచుండును. దానిపై నున్నని మృదులాస్థి పొరయు, నెలవంకవలె వంగిన రెండు మెత్తని పలకలును ఉండును. శరీరభారము ఈ పీఠముమీదుగానే పాదమునకు దిగును. పీఠమొకవైపు క్రుంగినచో కాలు వంకరపోవును. పైతలము ఎగుడుదిగుడుగా అతికినచో కొన్ని ఏండ్లలో కీలు అరిగి నొప్పి స్థిరపడును.

పరిసరములును సున్నితమైనవి. మోకాలి వెనుక ముఖ్య రక్తనాళము ఎముకకు మిక్కిలి దగ్గరగా పోవుచున్నది. బయటివైపున ప్రక్క యెముక మెడను చుట్టి పోవు నరము దెబ్బతిన్నచో పాదము పైకి లేవక వ్రేలాడును. ముందువైపున ఎముకను కప్పుటకు తగినంత కండ లేదు, చర్మము మాత్రమే కలదు. దెబ్బ వేగము ఎక్కువైనకొలది ఆ చర్మము నలిగి, ఉబ్బి, బొబ్బలు లేచును. కావున వైద్యుడు ఎక్స్‌రేను చూచునంత శ్రద్ధగా చర్మమునుగూడ చూడవలెను.

టొరంటో నగరపు వైద్యుడు జోసెఫ్ షాట్జ్‌కర్, తన సహచరులతో కలసి 1979లో ఈ భంగములను ఆరు తరగతులుగా విభజించెను. ఒకవైపు చీలుట, క్రుంగుట మొదలుకొని, రెండువైపులును చితికి కాండమునుండి వేరుపడుట వరకు అందు కలవు. నేటికిని వైద్యులు ఆ విభజననే వాడుచున్నారు. ఏ తరగతి భంగమో, చర్మస్థితి యెట్టిదో తెలిసిన తరువాతనే ఎంత గాటు అను ప్రశ్నకు సమాధానము లభించును.

పెద్దగాటు నుండి చిన్నగాటునకు

1958లో స్విట్జర్లాండునందు మారిస్ ముల్లర్, మార్టిన్ ఆల్గోవర్, రాబర్ట్ ష్నైడర్, హాన్స్ విల్లెనెగ్గర్ మున్నగు శస్త్రవైద్యులు ఒక సంఘముగా నేర్పడి, విరిగిన ఎముకను యథాస్థానమున చేర్చి, లోహపు ప్లేట్లతోను, స్క్రూలతోను గట్టిగా బిగించి, కీలును వెంటనే కదలింపవలెనని బోధించిరి. అంతకుముందు రోగి నెలలకొలది సున్నపు కట్టులోనో, బరువు వ్రేలాడదీసిన మంచముమీదనో ఉండవలసి వచ్చెడిది. కట్టు విప్పునప్పటికి ఎముక అతికినను మోకాలు బిగిసిపోయెడిది. నూతన పద్ధతి ఆ దురవస్థను చాలవరకు తొలగించినది.

అయినను ప్లేటు నిలువునా అమర్చవలెనన్నచో పొడవైన గాటు పెట్టి, చర్మమును, కండను ఎముకనుండి వేరుచేయవలసి యుండెను. ఎముకకు రక్తము చేరునది ఆ కండలనుండియు, దానిని అంటిన పొరనుండియు. అదివరకే నలిగిన చర్మమును ఇట్లు కోసినప్పుడు కొందరికి గాయము మానక చీము పట్టెను, ప్లేటు బయటపడెను. శస్త్రచికిత్స ఎముకను నిలిపి కాలిని చెరచు స్థితి యేర్పడెను.

చిన్నగాటు పద్ధతి ఈ అనుభవమునుండి పుట్టినది. మోకాలికి ప్రక్కగా రెండు మూడంగుళముల గాటు పెట్టి, కండ క్రిందుగా ఎముక వెంబడి ప్లేటును దూర్చి, దిగువ స్క్రూలను అరంగుళపు రంధ్రములనుండి బిగించుట అందొక విధానము. జర్మనీ వైద్యుడు క్రిస్టియన్ క్రెట్టెక్, ఆయన సహచరులు 1997లో ఈ తరహా ప్లేటు అమరికను గూర్చి ప్రకటించిరి. స్క్రూ తల ప్లేటులోనే మరతో బిగిసికొను నూతన ప్లేట్లు వచ్చిన పిదప ఇది మరింత సులభమైనది. భంగము కేవలము చీలిక యైనచో ప్లేటు లేకయే, చర్మపు రంధ్రముల ద్వారా పంపిన బోలు స్క్రూలతో బిగింపవచ్చును. క్రుంగిన భాగమును క్రిందినుండి పైకి నెట్టి, ఏర్పడిన ఖాళీని తుంటియెముక ముక్కలతో నింపుదురు. కీలులోనికి సన్నని దర్శినిని పంపి, పైతలము సమముగా కూడినదా లేదా యని చూచుచు పని చేయుటయు కలదు. సీ-ఆర్మ్ అను ఎక్స్‌రే యంత్రము వైద్యునకు ఆపరేషను జరుగుచుండగనే లోపలి ఎముకను తెరపై చూపుచుండును.

ఇంకొక మార్గము రష్యా దేశపు కుర్గాన్ నగరమున గవ్రీల్ ఇలిజారోవ్ 1950 ప్రాంతమున రూపొందించిన వలయాకారపు చట్రము. సన్నని తీగలు ఎముకలోనుండి పోయి వెలుపలి వలయములకు బిగింపబడును. చర్మము మిక్కిలి దెబ్బతిన్నప్పుడు ఇది కాలిని కాపాడగలదు.

కెనడా శస్త్రవైద్యులు 2006లో ప్రకటించిన ఒక పరిశీలన ఇచట స్మరింపదగినది. రెండువైపులును భగ్నమైన 82 మంది రోగుల 83 కాళ్లను వారు పోల్చి చూచిరి. కొందరికి గాటు పెట్టి ప్లేట్లు అమర్చిరి. తక్కినవారికి చిన్నగాట్లతో ఎముకను కూర్చి వలయపు చట్రము బిగించిరి. ఎముక కూడిన తీరు రెండు వర్గములయందును ఇంచుమించు సమానము. చట్రము గలవారు ఆసుపత్రిలో తక్కువ దినములుండిరి, వారిలో తీవ్రమైన ఉపద్రవములును తక్కువ. కాని రెండేండ్ల తరువాత చూడగా, ఏ వర్గమువారును గాయమునకు పూర్వమున్న స్థితికి పూర్తిగా చేరలేదు. గాటు చిన్నదగుటవలన అపాయము తగ్గుననియు, పూర్వపు మోకాలిని తెచ్చియిచ్చుటకు అదొక్కటియే చాలదనియు ఈ పరిశీలన బోధించుచున్నది.

అన్నిటికిని చిన్నగాటు తగదు

నేడు రోగులే వచ్చి చిన్నగాటు ఆపరేషనే కావలెనని కోరుట కలదు. మచ్చ చిన్నదైనచో గాయము చిన్నదని వారి తలంపు. ఇది సరి కాదు. పైతలము ముక్కలై లోపలికి దిగినప్పుడును, వెనుక లోపలివైపున ముక్క విడిపోయినప్పుడును, దానిని కన్నులతో చూచి కూర్చుటకు ప్రత్యేకమైన గాటు అవసరమగును. ఆ గాటును తప్పించుటకై ఎముకను వంకరగా విడిచిన శస్త్రచికిత్స చిన్నదైనను నష్టము పెద్దది. చిన్నగాటున ఎముక కంటికి కనబడదు గనుక వంకర మిగిలిపోవు ప్రమాదమును కలదు. దీనికి సీ.టీ. స్కాను, మంచి సీ-ఆర్మ్ యంత్రము, అనుభవజ్ఞుడైన వైద్యుడు ఆవశ్యకము. వైద్యుడు పెద్దగాటు అవసరమన్నచో అతనిని పాతకాలపువాడని ఎంచరాదు. ఏ కారణమున అవసరమో అడిగి తెలిసికొనుట రోగి హక్కు.

అట్లే ఆపరేషను వెంటనే చేయలేదని కోపగింపరాదు. వాచిన కాలిపై తొందరపడి గాటు పెట్టుట అపాయకరము. వెలుపలి చట్రముతో కాలిని తాత్కాలికముగా నిలిపి, వాపు తీసి చర్మముపై ముడతలు కనబడువరకు ఆగుదురు. ఇందుకు ఒకటి రెండు వారములు పట్టవచ్చును. ఈ నిరీక్షణయు చికిత్సలో భాగమే. రక్తప్రసారము ఆగినప్పుడును, ఎముక చర్మమును చీల్చి బయటపడినప్పుడును మాత్రము జాగు కూడదు.

తొలి గంటలు

కాలిలోని కండలు గట్టి పొరలచే చుట్టబడిన అరలలో ఉన్నవి. ఎముక విరిగినప్పుడు అరలో రక్తము, నీరు నిండి ఒత్తిడి పెరుగును. పొర సాగదు గనుక కండకు రక్తము అందదు. వైద్యులు దీనిని కంపార్టుమెంటు సిండ్రోము అందురు. కొన్ని గంటలలోనే, సామాన్యముగా ఆరు గంటలలోపలనే, కండ శాశ్వతముగా చెడుట ఆరంభించును. అప్పుడు చేయదగినది ఆ పొరలను నిలువున కోసి ఒత్తిడిని విడుచుటయే. సమయము మించినచో ఎంత నేర్పరి యైన వైద్యుడైనను, ఎంత చిన్నగాటైనను ఆ కాలికి పూర్వపు బలమును తేజాలరు.

దీని గుర్తులను ప్రతి ఇంటివారును తెలిసికొనవలెను. కాలిని కదలకుండ ఉంచినను నొప్పి తగ్గక గంటగంటకు పెరుగును. కాలివ్రేళ్లను మెల్లగా చాచినప్పుడు పిక్కలో భరింపరాని బాధ కలుగును. పిక్క బిగిసి గట్టిపడును. వ్రేళ్లు తిమ్మిరెక్కును. పాదమున నాడి తగులుచున్నను ఈ స్థితి ఉండవచ్చును గనుక, నాడి ఉన్నదని ఊరకుండరాదు.

దెబ్బ తగిలిన చోట చేయదగినది స్వల్పమే. కాలిని లాగరాదు, రుద్దరాదు, నూనె పట్టింపరాదు. ఉన్న తీరుననే తొడనుండి పాదము వరకు రెండు బద్దల నడుమ మెత్తని గుడ్డలుంచి వదులుగా కట్టవలెను. కడియములు, మెట్టెలు వెంటనే తీయవలెను. రక్తము కారు గాయమును శుభ్రమైన గుడ్డతో కప్పవలెను. వ్రేళ్లు వెచ్చగా ఉన్నవా, కదలుచున్నవా యని మాటిమాటికి చూడవలెను. 108కి కబురు చేయవలెను. దారినపోవువారు పోలీసు విచారణకు జంకి తప్పుకొనవలసిన పని లేదు. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము సద్బుద్ధితో సహాయము చేసినవారికి రక్షణ కల్పించినది. పేరు చెప్పుమని వారిని నిర్బంధింపరాదు.

బాహూరు విద్యకు కొత్తది కాదు. తొమ్మిదవ శతాబ్దిలో పల్లవరాజు నృపతుంగవర్మ కాలమున ఇచటి విద్యాస్థానమునకు గ్రామములు దానమిచ్చినట్లు బాహూరు తామ్రశాసనములు చెప్పుచున్నవి. అట్టి ఊరి పాఠశాలలలో ఈ పై మాటలను బాలబాలికలకు నేర్పుట కష్టము కానేరదు.

కట్టు కట్టించుకొనుట

ఎముక విరిగినప్పుడు కట్టువారి యొద్దకు పోవుట దక్షిణదేశమున పాత అలవాటు. తెలుగునాట పుత్తూరు కట్టు పేరు వినని వారరుదు. తమిళదేశమునుండియు జనులు అచటికి పోవుచుందురు. బద్దలు పెట్టి ఎముకను కదలకుండ నిలుపుట శాస్త్రసమ్మతమైన సూత్రమే. స్థానము తప్పని భంగములు అట్లు అతుకుట సహజము. దానిని పరిహసింపనక్కరలేదు.

కాని మోకాలి పీఠము క్రుంగినప్పుడు కట్టు దానిని పైకి లేపజాలదు. వాచుచున్న కాలికి బిగువైన కట్టు, అది ఎవరు కట్టినను, సున్నపు కట్టైనను సరే, ఒత్తిడిని పెంచి కండకు హాని చేయగలదు. కావున మోకాలివద్ద దెబ్బ తగిలి కాలు మోపలేని స్థితి యున్నచో, ఎక్కడికి పోదలచినను ముందుగా ఎక్స్‌రే తీయించి వైద్యునకు చూపవలెను. కట్టువారిని దూషించుటకన్న, ఇట్టి రోగులను వెంటనే ఆసుపత్రికి పంపునట్లు వారికి నచ్చజెప్పుట మేలు. వారి మాటను పల్లెవారు విందురు.

తరువాతి నెలలు

శస్త్రచికిత్స ముగిసినప్పుడు ఎముక నిలిచినదే గాని అతుకలేదు. సామాన్యముగా ఆరు మొదలు పండ్రెండు వారముల వరకు ఆ కాలిపై పూర్తిబరువు మోపనీయరు. ఆ కాలమంతయు మోకాలిని మాత్రము వైద్యుడు చెప్పిన మేరకు దినమును వంచి చాచుచుండవలెను. తొడ ముందరి కండను బిగించి సడలించు అభ్యాసము చేయవలెను. నొప్పికి వెరచి మంచముపట్టినచో కీలులో పొరలు అతుకుకొని బిగియును. ఊతకర్ర విడిచి తొందరపడి నడచినచో నిలిపిన పీఠము మరల క్రుంగును. పొగత్రాగుట ఎముక అతుకుటను ఆలస్యపరచును. మధుమేహము అదుపులో లేనిచో గాయము చీము పట్టవచ్చును. పిక్క వాచి నొప్పించినను, ఆయాసము కలిగినను, గాటువద్ద ఎరుపు, స్రావము కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఇన్ని సూచనలను ఇంటికి పంపునాడు ఒక చీటిపై వ్రాసి యిచ్చిన చాలునా? బాహూరు కూలివాడు వారమునకు రెండుమారులు నగరమునకు పోయి వ్యాయామచికిత్స పొందవలెనన్నచో, తోడు వచ్చువాని కూలియు, ప్రయాణపు ఖర్చును భరింపవలెను. మూడవ మారు అతడు పోవుట మానును. మోకాలు చెడునది తరచుగా ఇచటనే.

ధనము ఎచట వినియోగింపవలెను

పుదుచ్చేరి వైద్యవిద్యకు ప్రాచీనస్థానము. ఫ్రెంచివారు 1823లో ఇచట వైద్యపాఠశాలను స్థాపించిరి. 1956లో ధన్వంతరి వైద్యకళాశాల ఏర్పడెను. అదియే 1964లో జవహర్‌లాల్ స్నాతకోత్తర వైద్యవిద్యా పరిశోధన సంస్థ, అనగా జిప్మర్, ఆయెను. 2008లో అది జాతీయ ప్రాముఖ్యముగల సంస్థగా గుర్తింపబడినది. బాహూరు కమ్యూనులోని కిరుమాంబాక్కముననే ఒక వైద్యకళాశాల ఆసుపత్రియు కలదు. నైపుణ్యమునకు ఇంత సమీపమున నున్న ఊళ్లు దేశమున తక్కువ.

అదే పుదుచ్చేరి పాలనలోని యానాము మాట వేరు. గోదావరితీరమున తెలుగుజిల్లాల నడుమనున్న ఆ ఊరు పుదుచ్చేరి నగరమునకు 800 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. 2024 ఫిబ్రవరిలో అచట జిప్మర్ వారి 90 పడకల వైద్యవిభాగము ప్రారంభింపబడుట హర్షింపదగినది. అయినను యానామువానికైనను, బాహూరువానికైనను ఆ ఆరు గంటలు ఆరు గంటలే. గొప్ప ఆసుపత్రి దగ్గరనున్నను గుర్తు తెలియనివాడు ఆలస్యము చేయును. దూరముననున్నను గుర్తు తెలిసినవాడు కాలు దక్కించుకొనును.

2018లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పథకము అర్హమైన కుటుంబమునకు ఏటికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స కల్పించుచున్నది. ప్లేటు, స్క్రూల వెలకు జంకి చికిత్స మానుకొనవలసిన స్థితి ఇందుచే అనేకులకు తప్పినది. ఆసుపత్రి విడిచిన తరువాత 15 దినముల వరకు మందులు, పరీక్షల ఖర్చును ఈ పథకమే భరించును. కాని ఈ మోకాలికి కావలసినది పండ్రెండు వారములు. ఆసుపత్రి ఖర్చు భరించిన ప్రభుత్వము మిగిలిన పది వారముల వ్యాయామచికిత్సకుగూడ ఏర్పాటు చేసినచో, వెచ్చించిన మొదటి ధనము సార్థకమగును. చేయనిచో అది సగము వృథా యగును.

కావున మూడు పనులు జరుగవలెను. ప్రతి ప్రాథమికారోగ్య కేంద్రమునను కాలికి తగిన బద్దలును, వాపు గుర్తులను గ్రహింపగల నర్సును, పెద్ద ఆసుపత్రికి ముందుగా కబురు పంపు ఏర్పాటును ఉండవలెను. చిన్నగాటు శస్త్రచికిత్స చేయు ప్రతి ఆసుపత్రియందును సీ-ఆర్మ్ యంత్రము పనిచేయు స్థితిలో ఉండవలెను, శిక్షణ పొందిన వైద్యుడుండవలెను. ఈ రెండును లేనిచోట అట్టి శస్త్రచికిత్సకు పూనుకొనక రోగిని కాలయాపన లేకుండ పంపవలెను. వ్యాయామచికిత్సకుడు వారమునకొక దినమైనను ఊరి కేంద్రమునకే రావలెను.

శస్త్రవైద్యుని చేతినేర్పు ఎంత హెచ్చినను, ఆ నేర్పు పనిచేయు సమయము రెండు మూడు గంటలు మాత్రమే. దానికి ముందు గంటలు ఊరివి. దాని తరువాతి నెలలు ఇంటివి. ఈ మూడును కలసిననాడే బాహూరు రైతు మరల మోకాలు వంచి తన పొలమున నాటు వేయగలడు.